చూసినందుకు కూలి

"నాన్నా, ఫ్రిజ్ చల్లబడట్లేదు" అని మావాడు అమెరికా నుంచి ఫోన్ చేస్తే నాకు ముందు నవ్వొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క మాట మీదే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. గరివిడిలో స్టేషనుకెళ్లే దారిలో నేను షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు ఇదే మాట పట్టుకుని నిలబడి ఉంటారు. దాని వెనకాలే ఇంకో మాట తోకలా వస్తుంది: "గ్యాస్ అయిపోయినట్టుంది మేస్త్రీ, ఏసీండి." మెకానిక్ కొడుకై ఉండి మావాడూ అదే అన్నాడు. "గ్యాస్ పోయిందట నాన్నా. ఇక్కడి రిపేరతను ఫోన్లోనే చెప్పేశాడు. వెనక యూనిట్టు మొత్తం మార్చాలట. వెయ్యి డాలర్ల పైమాటేనట."

ఫోన్లోనే చెప్పేశాడట. అక్కడ నా నవ్వు ఆగింది.

పోయిన వేసవి సెలవుల్లో మావాడు, కోడలు, ఇద్దరు పిల్లలు డాలస్ నుంచి కొలరాడో కొండలకి బయల్దేరారు. కారు వెనక ఒక ట్రైలర్ అద్దెకి తగిలించుకున్నారు. చక్రాల మీద ఇల్లు అనుకోండి: మంచాలు, వంటగట్టు, స్నానాల గది, ఓ మూల ఫ్రిజ్. కేరళ ప్రభుత్వం 2021లో యాత్రికుల కోసం కారవాన్ల పథకం పెట్టింది గానీ, మన వైపు జనం నోట కారవాన్ అంటే ఇంకా షూటింగు మధ్యలో హీరో వెళ్లి కూర్చునే బండే. అక్కడ మామూలు ఉద్యోగస్తులు కూడా దాన్ని లాక్కుంటూ ఊళ్లు తిరుగుతారు. వీళ్లు ఎస్టెస్ పార్క్ అనే ఊరి దగ్గర ఆగారు. సముద్రమట్టానికి ఏడున్నర వేల అడుగుల ఎత్తు. మన అరకు అందులో సగం కూడా ఉండదు.

నాకిక్కడ పొద్దున్న ఎనిమిదయింది. వాళ్లకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. కోడలు ఫోన్లో ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. "చూడండి మావయ్యా, దోసెల రుబ్బు పొంగి కారిపోయింది. పెరుగు నోట పెట్టలేం." గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ ముంచి లోపల పెట్టించాను. కాసేపాగి చూస్తే 55 అంది, వాళ్ల లెక్కలో. మన లెక్కలో 13 డిగ్రీలు. పాలూ కూరలూ పదిలంగా ఉండాలంటే 4 దాటకూడదు.

"మోటారు చప్పుడు వినిపిస్తందేట్రా?"

"అసలు మోటారే లేనట్టుంది నాన్నా. చడీచప్పుడూ లేదు."

"మరి గ్యాస్ పోయిందని ఆడికెలా తెలిసింది?"

"గ్యాస్ ఉంది నాన్నా. సిలిండర్ నిండుగానే ఉంది, పొయ్యి బాగానే వెలుగుతోంది."

"ఫ్రిజ్‌కి సిలిండరేట్రా!"

రెండు నిమిషాలపాటు తండ్రీకొడుకులం చెరో గ్యాస్ గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నాకు చప్పున వెలిగింది. మోటారు లేదు, సిలిండర్ ఉంది, వెనకెక్కడో చిన్న మంట ఉంది. ఈ ఫ్రిజ్ నాకు తెలుసు. 1986లో చూశాను.

అప్పటికి నేను ఐటిఐ ముగించి విజయనగరంలో ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నాను. పార్వతీపురం అవతల కొండల్లో కరెంటు లేని ఊళ్లో ఒక ఆసుపత్రి ఉండేది. అక్కడ టీకా మందులకి కిరోసిన్ ఫ్రిజ్. అడుగున లాంతరు వత్తి, పైగదిలో మంచుగడ్డ. పొయ్యి మీద నీళ్లు గడ్డకట్టడం చూసినంత వింతగా అనిపించింది. అది చల్లబడటం మానేసిందని మమ్మల్ని పిలిపించారు. మా మేస్త్రి ఏ పనిముట్టూ బయటికి తీయలేదు. అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు దాని నెత్తిన పెట్టి, ఒంగి చూసి, ఒక కాలు కింద అట్టముక్క దోపాడు. వత్తి కత్తిరించాడు, పొగగొట్టం దులిపాడు. మూడు గంటలు చూసి, అప్పటికీ లొంగకపోతే, వత్తి ఆర్పి కిరోసిన్ తొట్టె బయటికి లాగేసి, ఫ్రిజ్‌ని తలకిందులుగా నిలబెట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే మళ్లీ నిలబెట్టి కదలకుండా ఉంచి, మధ్యాహ్నం వత్తి వెలిగిస్తే మర్నాటికి మంచు పట్టింది. నేను నోరెళ్లబెట్టాను. "నీరు పల్లమెరుగురా" అన్నాడాయన. ఆ సామెత అంతకు ముందూ విన్నదే. ఆ రోజే అర్థమైంది.

ఆ యంత్రంలో తిరిగే చక్రం గానీ కొట్టే పిస్టన్ గానీ లేవు. వెల్డింగు చేసి మూసేసిన గొట్టాల్లో నీళ్లు, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. సారా బట్టీ చూసినవాళ్లకి సగం అర్థమైపోతుంది. కింద మంట తగిలితే నీళ్లలోంచి అమ్మోనియా ముందు ఆవిరై పైకి లేస్తుంది. పైనున్న రేకుల దగ్గర వేడి వదిలేసి ద్రవమవుతుంది. అక్కణ్నుంచి హైడ్రోజన్ నిండిన గొట్టంలోకి జారి మళ్లీ ఆవిరవుతూ లోపలి పాలవీ కూరలవీ వేడి లాక్కుంటుంది. చివరికి నీళ్లు దాన్ని పీల్చుకుని మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్తాయి. ఇదంతా పల్లం చూసుకుంటూ తనంత తనే నడవాలి. స్టాక్‌హోంలో ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో దీన్ని కనిపెట్టారు. ఎలక్ట్రోలక్స్ వాళ్లు 1925 నుంచి అమ్మారు. ఐన్‌స్టీన్ కూడా ఫ్రిజ్ పని చేశాడంటే మా కుర్రాళ్లు నమ్మరు. బెర్లిన్‌లో ఫ్రిజ్ గ్యాస్ లీకై ఒక కుటుంబం చనిపోయిందని పేపర్లో చదివి, సిలార్డ్ అనే మిత్రుడితో కలిసి మోటారు లేని ఫ్రిజ్ మీద కూర్చున్నాడు. 1930లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. అంతటివాడికీ గ్యాస్ లీకు అంటే భయమే. మనమేమో అదేదో సంతలో సరుకన్నట్టు "ఏసీండి" అంటాం.

సరే, మావాడి సంగతి. గ్లాసు నీళ్లు ఫ్రిజ్ లోపల నేల మీద పెట్టి దగ్గరగా చూపించమన్నాను. నీళ్లు ఒక పక్కకి వాలి ఉన్నాయి. బండి నిలిపింది కొండ వాలు మీద. మామూలు ఫ్రిజ్‌కి ఆ వాలు లెక్కలోకే రాదు. దీనికి మాత్రం పక్కకి మూడు డిగ్రీలు దాటితే లోపలి ద్రవం పల్లంలో నిలిచిపోయి మంట దగ్గరికి తిరిగి రాదు. అలా రోజులు గడిస్తే గొట్టాలు తుప్పు పట్టకుండా కలిపిన క్రోమేట్ ఎండి గడ్డకట్టి దారి మూసేస్తుంది. అప్పుడు నిజంగానే యూనిట్టు పోయినట్టు. ఆ చీకట్లో టార్చి పట్టుకుని చక్రం కింద చెక్కలు పెట్టి బండిని మట్టం చేశాడు వాడు. ఫోన్లో నాకు చెప్పులే కనిపించాయి, మధ్యమధ్య కోడలి గొంతు: "ఇంకొంచెం ముందుకి… చాలు చాలు!"

తర్వాత బయటివైపు, ఫ్రిజ్ వెనకుండే తలుపు తీయించాను. "ముక్కు పెట్టి చూడు. ఘాటుగా కొడతందా? ఎక్కడేనా పసుప్పచ్చ మరక కనిపిస్తందా?" అమ్మోనియా కారితే ఆ రెండూ దాగవు. రెండూ లేవు. ఇక్కడికే సగం కేసు తేలిపోయింది. మిగతా సగానికి ఒక ప్రశ్న చాలు. ఆ ఫ్రిజ్ సిలిండర్ మంట మీదా నడుస్తుంది, కరెంటు హీటరు మీదా నడుస్తుంది. బండి ఆగినచోట కరెంటు ప్లగ్గు ఉంది. "ఇప్పుడు దేని మీద నడుస్తంది?" అంటే, దారిలో పెట్టిన గ్యాస్ మీదే ఉంచేశాం అన్నాడు. "కరెంటుకి మార్చి, తలుపు తీయకుండా పడుకోండి" అన్నాను.

వంట తెలిసినవాళ్లెవరైనా చేసే పరీక్షే అది. రెండు పొయ్యిల మీదా అన్నం ఉడక్కపోతే బియ్యాన్ని అనుమానించాలి. ఒకదాని మీద ఉడికి రెండోదాని మీద ఉడక్కపోతే బియ్యాన్నెందుకు తిట్టడం?

వాళ్లకి తెల్లారి, నేనిక్కడ రాత్రి భోజనానికి కూర్చునేసరికి ఫొటో వచ్చింది. థర్మామీటరు 38 చూపిస్తోంది, మన లెక్కలో 3 చిల్లర. వెయ్యి డాలర్ల యూనిట్టు నిక్షేపంగా ఉంది. అయితే బండి మట్టమవడం, కరెంటుకి మారడం ఒకే రాత్రి జరిగాయి. ఏది పనిచేసిందో తేలాలి కదా. మట్టం మీదే ఉంచి మళ్లీ గ్యాస్‌కి మార్పించాను. సాయంత్రానికల్లా వేడెక్కింది. ఇక తప్పు మంటదే. మంట చూపించమంటే పసుప్పచ్చగా, నీరసంగా ఊగుతోంది. నీలంగా, బిగువుగా ఉండాల్సింది. ఎత్తు ప్రదేశాల్లో గాలి పలచన కాబట్టి మంట కాస్త నీరసపడటం మామూలే, కానీ ఇంత కాదు. సిలిండర్ కట్టించి, చల్లారాక బర్నర్ మీది రేకు తీయిస్తే లోపల సాలెగూడు, పైగొట్టం నుంచి రాలిన తుప్పు. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో దులిపాడు. పావుగంట పని. వెలిగించాక నీలం మంట చూసి మా మనవడు చప్పట్లు కొట్టాడు. వాడికేం తెలుసు, సిలిండర్ కట్టాడా లేదా అని నేను నాలుగుసార్లు అడిగానని.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. (కొంచెం ఉంది, కాదనను.) ఆ అమెరికా మెకానిక్కుని తిడదామనీ కాదు. వాడి రోగం, మా గరివిడి రోగం ఒకటేనని చెప్పాలి. ఆ రోగానికి సగం కారణం మేం, మిగతా సగం మీరు.

ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోల్ లాంటిది కాదు. తిరిగినకొద్దీ ఖర్చయ్యేది కాదు. మా వీధిలో ఒక ఆల్విన్ ఫ్రిజ్, హైదరాబాద్ తయారీ, 27 ఏళ్లు కంపెనీలో ఎక్కించిన గ్యాస్ మీదే నడిచింది. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట. చిల్లు ఎక్కడుందో వెతికి, అతికి, గొట్టాల్లో గాలీ తేమా వాక్యూమ్ పంపుతో లాగేసి, అప్పుడు తూకం వేసి ఎక్కించాలి. ఈ కాలం ఫ్రిజ్‌లలో చాలావాటికి ఎక్కేది ఐసోబ్యూటేన్. అది వంటగ్యాస్‌కి తమ్ముడు, నిప్పంటే మండుతుంది. అదీ నలభై, యాభై గ్రాములు. కొత్తిమీర కట్ట బరువు. పది గ్రాములు ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. అందాజాగా స్సుమని కొట్టి వెళ్లిపోయేవాడు మీ ఫ్రిజ్‌కి మంచి చేశాడో చెడు చేశాడో వాడికే తెలీదు. ఈసారి ఎవరైనా "గ్యాస్" అంటే "లీకు ఎక్కడ బాబూ?" అని అడగండి. జవాబు రాకపోతే తలుపు వైపు చూడండి.

నా లెక్కలో పది ఫ్రిజ్‌లు వస్తే ఏడింటికి గ్యాస్‌తో పని ఉండదు. ఫ్రిజ్ చలిని పుట్టించదు. ఏతాంతో నుయ్యి తోడినట్టు లోపలి వేడిని తోడి వెనక పారబోస్తుంది. పారబోసే చోటు మూసేస్తే ఎంత తోడినా ఏం లాభం? గోడకి అంటించేస్తారు. వెనక కాయిల్ మీద మసిగుడ్డలు ఆరేస్తారు. మాంగనీసు లారీలు తిరిగే రోడ్డు పక్కిళ్లలో ఆ కాయిల్ మీద దుమ్ము దుప్పటిలా ఉంటుంది. తలుపు రబ్బరు గట్టిపడి ఒక మూల నోరు తెరుస్తుంది. పది రూపాయల నోటు పెట్టి తలుపేసి లాగితే, సులువుగా జారివచ్చిందంటే చలి కూడా అలాగే జారిపోతున్నట్టు. ఎండాకాలం సాయంత్రం వోల్టేజి 160కి పడిపోయి కంప్రెసర్ టిక్కుమని ఆగిపోతుంటే దానికి గ్యాస్ ఏం చేస్తుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టి రోజుల తరబడి కరెంటు లేక, తీరా వచ్చిన పూట మా షాపు ముందు వరస కట్టారు జనం. స్విచ్చేసి అరగంటయినా చల్లబడలేదట. వారం రోజులు ఉడికిన పెట్టె అరగంటలో ఎలా చల్లబడుతుందమ్మా, రేపు రండి అన్నాను. మర్నాడు వరసలో సగం మంది లేరు.

ఇప్పుడు నా పాపం ఒకటి చెప్పాలి. 1991లో చీపురుపల్లిలో ఒక రిటైరైన టీచరమ్మగారి ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లాను. తలుపు రబ్బరు వంకర తిరిగింది. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, సాగదీసి, గంటసేపు కూర్చుని సరిచేశాను. ఆవిడ టీ ఇచ్చి, "ఏం మార్చావు బాబూ?" అంది. ఏమీ మార్చలేదమ్మా అన్నాను. "అయ్యో, ఏమీ మార్చలేదా" అని బస్సుకి పది రూపాయలు చేతిలో పెట్టింది. చెడ్డ మనిషి కాదు. మార్చకుండా డబ్బు ఎందుకివ్వాలో ఆవిడకి తోచలేదు, ఎలా అడగాలో నాకు తెలీలేదు. రెండు నెలలు తిరక్కుండా పక్క వీధిలోనే ఒక షావుకారు ఇంట్లో అదే రబ్బరు, అదే వంకర. ఈసారి భుజాన గ్యాస్ డబ్బా వేసుకుని వెళ్లాను. వెనక్కి వెళ్లి కాస్త గ్యాస్ గాల్లోకి స్సుమని వదిలాను. ముందుకొచ్చి రబ్బరు సరిచేశాను. 350 రూపాయలు తీసుకున్నాను. ఆయన ఇంట్లోవాళ్లందరినీ పిలిచి "చూశారా పనితనం" అని, జంతికలు పెట్టించాడు.

ఆ జంతికల రుచి నాకింకా గుర్తుంది. అప్పట్లో ఆ గ్యాస్ ఆర్-12, ఓజోన్ పొరని తినేసేది. 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని తగ్గించుకుందామనుకున్నదే. మన దేశంలో దాని తయారీ 2010 నాటికి ఆగింది. అబద్ధానికి అబద్ధం, ఆకాశానికి చిల్లు. తర్వాత కూడా కొన్నేళ్లపాటు ఆ స్సుమనే చప్పుడు నా జీతం ఇచ్చిందని ఒప్పుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు ముందు నేర్చుకున్నదీ అదే.

డాక్టరు నాడి చూసి, మందు అక్కర్లేదు మంచినీళ్లు తాగు అంటే ఫీజు ఇచ్చి దండం పెట్టి వస్తాం. మెకానిక్ అదే మాట అంటే బస్సు చార్జీ ఇస్తాం. కనిపెట్టడానికి కూలి లేదని తెలిశాక మెకానిక్ కనిపెట్టడం మానేస్తాడు, మార్చడం మొదలెడతాడు. బోర్డులు, కంప్రెసర్లు, యూనిట్లు. అమెరికాలో ఫోన్లోనే వెయ్యి డాలర్లు పలికినవాడిదీ ఇదే లెక్క. కొండెక్కి, ఒంగి, సాలెగూడు దులిపితే వాడికి మిగిలేది ఏముంది? మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మంచిదే, కంపెనీల నంబర్లూ వారంటీ వివరాలూ ఒకచోట దొరుకుతాయి. కానీ ఇంటికొచ్చి గంటసేపు ఫ్రిజ్ వెనక కూర్చుని చూసేవాణ్ని ఏ పోర్టల్ పంపుతుంది? ఆ గంటకి ధర కట్టాల్సింది ఇంటాయనా ఇల్లాలూ. దాన్ని బిల్లులో మొదటి గీత మీద, దాచకుండా, రాయాల్సింది మేం. ఐటిఐలో మాకు బ్రేజింగ్ నేర్పారు, వైరింగ్ నేర్పారు. చూసినందుకు ఇంత అని గొంతు తడబడకుండా అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నాకు అరవై దాటాక కొడుకు ఫ్రిజ్ నేర్పింది.

సంక్రాంతి వెళ్లాక షాపు ముందు బోర్డు రాయించాను: "చూసినందుకు 200. సామాను, గ్యాస్ అవసరమైతే విడిగా." పెయింటరు రాస్తూ రాస్తూ నా మొహంలోకి రెండుసార్లు చూశాడు.

మొదటి బేరం గుర్ల వైపు నుంచి వచ్చింది, నాకు దూరపు వరస కూడా. బోర్డు గట్టిగా చదివి, "చూడ్డానికి డబ్బులేటి మావా, సినిమావా?" అన్నాడు. నవ్వి ఊరుకుని వాడి వెంట వెళ్లాను. ఫ్రిజ్‌ని జానెడు ముందుకి లాగితే గోడకీ కాయిల్‌కీ మధ్య నాలుగేళ్ల పాత కేలండర్లు, పెళ్లి శుభలేఖల కట్ట ఒకటి, ఎండిన బల్లి. అన్నీ తీసి, దులిపి, జానెడు ఎడంగానే వదిలి వచ్చాను. మూడోరోజు బండాపి వంద నోటు చేతిలో పెట్టాడు. "అయిసు బాగా కడతంది మావా" అన్నాడు. మిగతా వంద ఇంకా బాకీ.